చూడని అవక్షేపం

నిన్న పొద్దున చారు పొంగి స్టవ్ మీద పడింది. నీలం మంట ఒక్కసారిగా పసుపుపచ్చగా మారింది. చారులో ఉప్పు, ఉప్పులో సోడియం. గిన్నె దించుతూ, చాలా ఏళ్ల తర్వాత ఎస్తేరు మేడంని తలుచుకున్నాను.

డెబ్భైలలో బెజవాడ గవర్నర్‌పేటలో, ఆడపిల్లల కాలేజీలో ఆమె మాకు కెమిస్ట్రీ లెక్చరర్. యాసిడ్ చుక్కలకు చిల్లులు పడ్డ నూలు చీరలు, పొగడ్త ఎరగని నోరు. క్షారలోహాలనూ క్షారమృత్తిక లోహాలనూ పక్కపక్కన పెట్టి చెప్పేవారు. సోడియం కిరసనాయిల్లో మునిగి ఉండాలి, చాకుతో కోస్తే తెగుతుంది, నీళ్లలో వేస్తే ఒకచోట నిలవదు. కాల్షియం గట్టిది, నీళ్లలో నింపాదిగా బుడగలు వదులుతుంది. "మంట రంగు చూసి మురిసిపోకండమ్మా. లిథియమూ ఎరుపే, స్ట్రాంషియమూ ఎరుపే. అమ్మోనియం కార్బొనేట్ పోసి చూడండి. తెల్లటి అవక్షేపం అడుక్కి దిగితే స్ట్రాంషియం, దిగకపోతే లిథియం," అనేవారు.

మేము మురిసిపోయే రకమే. సీనియర్లు ఏటేటా అప్పగించే నోటుబుక్కులో ల్యాబ్‌లో ఉన్న లవణాల జాబితా ఉండేది. అందులో లిథియం లేదు. అందుకే బీఎస్సీ సెలెక్షన్ పరీక్షలో మంట ఎర్రగా రాగానే, మిగతావేమీ చేయకుండా స్ట్రాంషియం అని రాసేశాను. 'తెల్లటి అవక్షేపం వచ్చింది' అని కూడా చేర్చాను. ఆ పరీక్ష తప్పితే పబ్లిక్ పరీక్షకు పంపరు. తప్పితే చదువు మానిపిస్తానని నాన్న ముందే చెప్పారు. మేడం నా జవాబు చదివి, "ఏదమ్మా, ఆ అవక్షేపం చూపించు," అన్నారు. చూపించడానికి ఏముంది? నాకిచ్చింది లిథియం, ఆ ఏడే తెప్పించారట.

సాయంత్రం ఏడుస్తూ ఆవిడ గదికి వెళ్లాను.

"ఒక్క లవణం తప్పుకే ఏడాది పోవాలాండీ?"

"లవణం తప్పయితే సగం మార్కులిచ్చేదాన్ని. నువ్వు చూడనిది చూశానని రాశావు."

"నాన్న చదువు మానిపించేస్తారండీ."

"మీ నాన్నగారితో నేను మాట్లాడతాను. మార్కు మాత్రం మారదు."

ఆ క్షణాన ఆవిడంటే అసహ్యం వేసింది. దాచుకోను.

ఆదివారం చర్చి అయ్యాక ఉయ్యూరు బస్సెక్కి మా ఊరొచ్చారు. నాన్న చెరకు తోటలోంచి వచ్చి కాళ్లు కడుక్కుని ఎదురుగా కూర్చున్నారు.

"మీ అమ్మాయిని ఫెయిల్ చేసింది నేనేనండీ. ఇంకో ఏడాది పంపించండి," అన్నారు మేడం.

"మళ్లీ ఇదే పని చేస్తే?" అన్నారు నాన్న.

"మళ్లీ ఫెయిల్ చేస్తానండీ."

నాన్న వంటింటి వైపు తిరిగి, "మేడంగారికి మజ్జిగ తీసుకురా. అమ్మాయి కాలేజీకి వెళ్తుంది," అని అమ్మతో అన్నారు.

ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేశాను. చేయని పరీక్షకు ఫలితం ఎప్పుడూ రాయలేదంటే అబద్ధమవుతుంది. ఒకసారి రాశాను, వరదల వారంలో, పని తెమలక. మర్నాడు అందరికంటే ముందు వెళ్లి ఆ అంకె కొట్టేశాను. పక్కన 'పరీక్ష చేయలేదు' అని రాసి, సంతకం పెట్టాను.