పొగకు బెల్లం

హుజూరాబాద్‌లో పరశురాములు బ్యాటరీ షాపు తెలియనివాళ్లు లేరు. ట్రాక్టర్ బ్యాటరీ దిగిపోయినా, ఇన్వర్టర్ మొరాయించినా ఆయనే దిక్కు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆయన నోరు మరీ మంచిది. అందుకే పాత బ్యాటరీలు పగలగొట్టి, ఇంటి వెనక కొలిమిలో సీసం కరిగించి, గోదావరి మీద చేపలు పట్టేవాళ్ల వలలకు కట్టే గుండ్లు పోస్తున్నా వాడకట్టులో ఎవరూ ఏమీ అనలేదు.

పొగకు పక్కింటి బాలలక్ష్మి దగ్గితే ఆయన దగ్గర మందు సిద్ధం.

"జర బెల్లం తిను చెల్లె. పొగ, దుమ్ము అన్నీ కడుపులకు దిగి కొట్టుకపోతయి. నేను గిన్నేండ్ల సంది తింటలేనా, నాకేమన్న అయిందా?"

కొలిమి దగ్గర్నుంచి లేచి, చేతులు లుంగీకి తుడుచుకునేవాడు. ఆ లుంగీ అసలు రంగేదో ఆయన భార్యకే గుర్తులేదు. డబ్బాలోంచి బెల్లం ముక్క తీసి ముందు బాలలక్ష్మి కూతురు దీపిక నోట్లో పెట్టేవాడు. ఆరేళ్ల పిల్ల. అంత ప్రేమగా పెడుతుంటే వద్దనేదెవరు!

కొన్నాళ్లకు దీపికకు కడుపునొప్పి పట్టుకుంది. తిండి మానేసింది. వచ్చిన అక్షరాలు కూడా మరిచిపోతోంది. తండ్రేమో దుబాయిలో ఉన్నాడు. బ్యాటరీలు మోసే తన ట్రాలీ ఆటోలోనే పరశురాములు తల్లీకూతుళ్లను కరీంనగర్ ఆసుపత్రికి తీసుకుపోయాడు.

రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ అడిగింది. "పాప రక్తంలో సీసం చాలా ఉంది. మీ దగ్గర ఎవరైనా బ్యాటరీలు కరిగిస్తారా?"

"గీ అన్ననే మేడమ్. గని శాన మంచోడు. పొగ పట్టద్దని తన చేత్తోని పిల్లకు బెల్లం గూడ పెడ్తడు," అంది బాలలక్ష్మి.

డాక్టరమ్మ పరశురాములు గోళ్లకేసి చూసింది. "పొగతో కొంత లోపలికి పోయింది, ఆ చేతులతో కొంత పోయింది. బెల్లం సీసాన్ని కడగదు."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. చేతులు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"ఇగ కొలిమి అస్సలు ముట్టియ్య మేడమ్," అన్నాడు. "పిల్ల బాగైతదా?"

"కడుపునొప్పి తగ్గుతుంది. చదువు సంగతి ఇప్పుడే చెప్పలేను."

బయటికొచ్చి ఆటో స్టార్ట్ చేశాడు. దీపిక పరుగెత్తి ఎక్కబోయింది. బాలలక్ష్మి పిల్ల రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. తిట్టలేదు. తిట్టినా ఆయనకు కాస్త నయంగా ఉండేది.

"నువ్ పో అన్నా," అంది, ఆయన మొహంలోకి చూడకుండా. "మేం బస్సుల వస్తం."