ఎర్ర అట్ట తిరిగి వచ్చిన వేళ

మార్చి పద్నాలుగు, శనివారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. వినోదాల పార్కులో కొత్త రోలర్ కోస్టర్ జనం కోసం తెరుచుకుని అప్పటికి సరిగ్గా ఇరవై నిమిషాలయింది. క్యూ చివర మడత బల్ల వేసుకుని కూర్చున్న నిమిషాలమ్మ, చేతి గడియారంలో సెకన్ల ముల్లు పన్నెండు మీదికి రాగానే తలెత్తి చూసింది. ఆ క్షణాన వరుసలో అందరికన్నా వెనక నిలబడి ఉన్న మనిషి ఆమె అత్తగారు.

నిమిషాలమ్మ చేతిలో ఉన్న ఎర్ర అట్టను ఆ చివరి మనిషికి ఇవ్వడం ఆమె విధి. ఆ రోజు ఆమె ఉద్యోగం ఉండటమూ ఊడటమూ ఆ అట్ట మీదే ఆధారపడి ఉంది.

నిమిషాలమ్మ అనే పేరు పార్కు సిబ్బంది పెట్టింది. భౌతికశాస్త్రంలో డిగ్రీ పుచ్చుకుని పదకొండేళ్ళ క్రితం ఇక్కడ చేరినప్పటి నుంచి, "ఇక్కడి నుంచి నిరీక్షణ ఇన్ని నిమిషాలు" అని వెలిగే బోర్డు మీద అంకె నిజమయ్యేలా చూడటమే ఆమె పని. ఇంట్లోనూ అదే ధోరణి. ఐదు నిమిషాల్లో వస్తానని భర్త ఫోన్ చేస్తే గడియారం చూసుకుని, ఆరో నిమిషం నుంచి ఆయనతో మాట్లాడటం మానేసేది.

ఆమె పద్ధతి తేలికైనది. వరుస చివరి మనిషికి, బయలుదేరిన సమయం రాసిన ఎర్ర ప్లాస్టిక్ అట్ట ఇస్తారు. ఆ మనిషి వరుసతోపాటు నడిచి వెళ్ళి, పైన బండి ఎక్కే చోట దాన్ని ఆపరేటర్ చేతిలో పెడతాడు. రెండు సమయాల మధ్య తేడాయే నిరీక్షణ. ఆపరేటర్ ఆ అంకె నొక్కగానే బోర్డు మారుతుంది. ఈ పద్ధతికి మూడు నియమాలు ఆమే రాసిపెట్టింది. మొదటిది, సెకన్ల ముల్లు పన్నెండును తాకిన క్షణాన ఎవరు చివర ఉంటే వాళ్ళకే అట్ట ఇవ్వాలి. ముఖం చూసి ఎంచుకోకూడదు. రెండోది, పార్కంతటికీ అట్ట ఒక్కటే. అది తిరిగి వచ్చేదాకా ఇంకొకటి ఇవ్వకూడదు, దాని వెంట ఎవరూ వెళ్ళి తొందరపెట్టకూడదు. ఇక మూడోది, నచ్చలేదన్న కారణంతో ఏ కొలతనూ పారేయకూడదు. ఈ మూడో నియమం కోసం ఆమె మేనేజరుతో ఆరేళ్ళ క్రితం తొమ్మిది రోజులు వాదించి, కాగితం మీద సంతకం తీసుకుంది.

కొత్త కోస్టర్ విషయానికొస్తే, దాని ఎత్తు యాభై రెండు మీటర్లు, పట్టాల పొడవు పదకొండు వందల నలభై మీటర్లు, ప్రయాణం నూట ఎనిమిది సెకన్లు. రెండున్నర నిమిషాలకొక బండి, బండికి ఇరవై నలుగురు. ఆ నూట ఎనిమిది సెకన్ల కోసం జనం మూడేళ్ళుగా ప్రాణం పెట్టుకుని ఉన్నారు. పరీక్షల నెలలో సీట్లలో మనుషులకు బదులు నీళ్ళు నింపిన ప్లాస్టిక్ బొమ్మలను కూర్చోబెట్టి తిప్పితే, ప్రహరీ బయట నిలబడ్డ వాళ్ళు "ఆ బొమ్మలు ఏం పుణ్యం చేసుకున్నాయో" అని నిట్టూర్చారు. అంతకుముందు మూడేళ్ళలో అభిప్రాయాల పెట్టెలో పడ్డ చీటీలు 9,212. వాటిని లెక్కపెట్టిందీ నిమిషాలమ్మే. అందులో మూడొంతులు కొత్త కోస్టర్ కావాలన్నవి. ఇంకో నలభై ఆరు చీటీలను ఆమె అసలు లెక్కలోనే వేయలేదు. అవి అత్తగారి దస్తూరీలో ఉన్నాయి.

ఆ సంగతి తెలిసిన రోజు ఇంట్లో పెద్ద రగడ అయింది.

"అంటే నా చీటీలు చెల్లవా?" అన్నారు అత్తగారు.

"మీరు మా ఇంటివాళ్ళు కదా అత్తయ్యా. ఇంటివాళ్ళ అభిప్రాయం కలిపితే లెక్క పక్షపాతం అవుతుంది."

"ముప్పై ఒక్కేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరందరి మాటా ఊరందరికీ కలిపాను. నా ఒక్క మాటనే కోడలు మధ్యలో కోసేసింది. వింటున్నావుట్రా?"

వింటున్నావా అని ఆవిడ అడిగిన కొడుకు అప్పటికి నిద్రపోయాడు. ఊయల కుర్చీలో కూర్చున్నా కళ్ళు తిరుగుతాయనే అత్తగారు కోస్టర్ కోసం నలభై ఆరు చీటీలు ఎందుకు రాశారన్నది ఇంట్లో ఎవరికీ తట్టని ప్రశ్న.

ప్రారంభం రోజుకు మేనేజరు ఇంకో మెలిక పెట్టాడు. కెమెరాలతో తలలు లెక్కపెట్టి నిరీక్షణ చెప్పే యంత్రం ఒకటి కొత్తగా వచ్చింది. దాని వెంట ఒక ఇంజనీరు కూడా వచ్చాడు. ఆ రోజు సాయంత్రం ఆఖరి కొలతలో బోర్డు అంకె నిజానికి దగ్గరగా ఉంటే నిమిషాలమ్మ ఉంటుంది. యంత్రం అంకె దగ్గరగా ఉంటే యంత్రం ఉంటుంది, నిమిషాలమ్మ ప్లాస్టిక్ టోపీలు అమ్మే కౌంటరుకు వెళుతుంది.

అటువంటి రోజున వరుస చివర అత్తగారు నవ్వుతూ నిలబడ్డారు.

"అత్తయ్యా, మీరా? ఎప్పుడొచ్చారు?"

"ఇప్పుడే. టిక్కెట్టు కొనుక్కునే వచ్చాను తల్లీ, మీ ఇంటిదాన్నని ఎవరికీ చెప్పలేదు."

నిమిషాలమ్మ మొదటి నియమాన్ని తలుచుకుంది. అట్ట మీద "9.20" అని రాసి ఇచ్చింది. "దీన్ని పైన ఆపరేటర్‌కే ఇవ్వండి. మధ్యలో ఎవరు అడిగినా ఇవ్వకండి. వరుసతోపాటు నడవండి, అంతే."

"నాకు చెప్పాలా? పద పద, నీ పని చూసుకో," అని అత్తగారు అట్టను చీర కొంగున ముడి వేసుకుని ముందుకు కదిలారు.

అప్పుడు బోర్డు అంకె తొంభై. అది నిమిషాలమ్మ ముందురోజు కాగితం మీద వేసిన లెక్క. యంత్రం తొంభై రెండు అంటోంది. అట్ట పది గంటల యాభై నిమిషాలకు పైకి చేరాలి.

పది యాభై దాటింది. పదకొండు ఇరవైకి ఆమె ఫోన్ ఎత్తింది.

"అట్ట వచ్చిందా?"

"రాలేదు మేడమ్," అన్నాడు పైనున్న ఆపరేటర్. "చాలా మంది ఎక్కారు, దిగారు. ఎవరి చేతిలోనూ ఎర్రది లేదు."

పన్నెండింటికి మళ్ళీ అడిగింది. ఒంటిగంటకు మళ్ళీ అడిగింది. మూడోసారి ఆపరేటర్ గొంతులో జాలి వినిపించింది. కెమెరాల ఇంజనీరు మాత్రం తన తెర వైపు చూసుకుంటూ, "మా దానికి అట్టలతో పని లేదు మేడమ్. ఇప్పుడు నూట పద్దెనిమిది," అని చాలా మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాద నిమిషాలమ్మకు ఒళ్ళు మండించింది. లోపలికి వెళ్ళి చూద్దామని రెండుసార్లు కుర్చీలోంచి లేచి, రెండో నియమం గుర్తొచ్చి రెండుసార్లూ కూర్చుంది.

ఒంటిగంట ముప్పైకి ఫోన్ మోగింది. "వచ్చింది మేడమ్! తొమ్మిది ఇరవైది. అంకె నొక్కేశాను."

ఆమె తల తిప్పేసరికి బోర్డు మీద 250 వెలుగుతోంది.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "రెండు వందల యాభయ్యా! ఎవరమ్మా ఇది పెట్టింది? చూసినవాళ్ళు చూసినట్టే ఇంటికి పోతారు. ముందు తీయించండి."

"కొలిచిన అంకె సార్."

"కొలిచిందెవరు?"

"మా అత్తగారు."

మేనేజరు బోర్డు వైపూ ఆమె వైపూ మార్చి మార్చి చూశాడు. "ఇంటివాళ్ళది లెక్కలోకి రాదని మీరే అన్నారు కదా? చీటీలప్పుడు?"

"అది అభిప్రాయం సార్. అభిప్రాయానికి పక్షపాతం ఉంటుంది. గడియారానికి ఉండదు."

"మీ మనసుకు నిజమేనా ఈ అంకె?"

నిమిషాలమ్మ అబద్ధం చెప్పలేదు. "నిజం కాదనే అనిపిస్తోంది. నూట ఇరవై ఉండొచ్చు. కానీ అనిపించినదాన్ని బోర్డు మీద పెట్టను. నచ్చలేదని కొలత పారేయకూడదన్న కాగితం మీద సంతకం మీదే."

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. టోపీల కౌంటరు నిమిషాలమ్మ కళ్ళ ముందు కదిలింది. అక్కడ ఆకుపచ్చ టోపీ పెట్టుకునే అమ్మాలన్నది రూలు.

అప్పుడే జెయింట్ వీల్ దగ్గర నిలబడ్డ ఒకాయన బోర్డు చూసి పక్కనున్న భార్యతో గట్టిగా అన్నాడు: "రెండు వందల యాభై నిమిషాలు నిలబడుతున్నారంటే లోపల ఏదో ఉందే! పద పద, ఇంకా ఆలస్యమైతే మూడొందలవుతుంది."

ఆ మాట విన్నవాళ్ళు విన్నట్టే కదిలారు. జెయింట్ వీల్ దగ్గర వరుస కరిగిపోయింది. ఐస్‌క్రీమ్ బండి ముందున్నవాళ్ళు ఐస్‌క్రీమ్ అందకుండానే పరుగెత్తారు. ఉదయం నుంచి తొంభై అన్న అంకెను చూసి "తర్వాత చూద్దాంలే" అనుకున్న జనం, ఇప్పుడు ఒకరినొకరు తోసుకుంటూ వచ్చి నిలబడ్డారు. వరుస ఇనుప కంచె దాటింది. నీటి ఫౌంటెన్ చుట్టూ తిరిగి, మరుగుదొడ్ల వెనక్కి పోయింది. నిమిషాలమ్మ తన మడత బల్లను నాలుగుసార్లు వెనక్కి జరుపుకుంది.

"అంకె తీయించమంటారా సార్?" అని అడిగింది.

"దాని జోలికెళ్ళకండి," అన్నాడు మేనేజరు లోగొంతుకతో.

ఇంతలో బయటికి దిగే మెట్ల వైపు నుంచి అత్తగారు నింపాదిగా నడుచుకుంటూ వచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"ఇచ్చేశానమ్మాయ్, అట్ట. ఎవరు అడిగినా ఇవ్వలేదు."

"అత్తయ్యా, తొంభై నిమిషాల దారి. నాలుగు గంటల పది నిమిషాలు ఏం చేశారు?"

"మూడో మలుపులో నీడన చక్కటి రాతి బల్ల వేయించారు. కూర్చున్నాను." ఆ బల్ల పెద్దవాళ్ళ కోసం వేయించమని సిఫారసు చేసింది నిమిషాలమ్మే. "వచ్చినవాళ్ళని, మీరు పదండి నాయనా, నేను నెమ్మదిగా వస్తానన్నాను. కొత్త దంపతులు వచ్చారు, పాపం గొడవపడుతున్నారు, సర్ది పంపించాను. ఒక బ్యాంకు ఆయనకి మోకాళ్ళ నొప్పి, మందు చెప్పాను. తర్వాత ఒక బడి పిల్లలంతా వచ్చారు..."

నిమిషాలమ్మ కాగితం తీసింది. అదనంగా నూట అరవై నిమిషాలు, నిమిషానికి తొమ్మిది పాయింట్ ఆరుగురు. "మీరు వెయ్యిన్నీ ఐదు వందల ముప్పై ఆరు మందిని ముందుకు పంపించారు."

"అంతేనా? ఇంకా ఎక్కువే అనుకున్నాను."

"పోనీ, కోస్టర్ ఎలా ఉంది?"

"ఎక్కడమా? నాకేం పిచ్చా? అట్ట ఇచ్చి అటు మెట్లు దిగి వచ్చేశాను."

"మరి నలభై ఆరు చీటీలు ఎందుకు రాశారు?"

అత్తగారు బల్ల అంచున కూర్చుని కాళ్ళు చాపుకున్నారు. "కొత్తది వస్తే పెద్ద వరుస వస్తుంది కదే. వరుసలో నిలబడ్డవాడు ఎక్కడికి పోతాడు? చెప్పింది వింటాడు, అడిగింది చెబుతాడు. ఎక్స్ఛేంజి మానేశాక నాతో మాట్లాడేదెవరు? నీకేమో నిమిషాలు, వాడికేమో నిద్ర."

నిమిషాలమ్మ తన మంచినీళ్ళ సీసా మూత తీసి ఆవిడ చేతికిచ్చింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఒక్కసారి కూడా గడియారం చూసుకోలేదు.

రెండు గంటల ఇరవై నిమిషాలకు ఎర్ర అట్ట మళ్ళీ బయలుదేరింది. ఈసారి చివర ఉన్నది ఒక పళ్ళ డాక్టరు. జీవితమంతా ఇతరులను నిరీక్షింపజేసిన ఆయనకు తాను నిరీక్షించడం అలవాటు లేదు. అట్టను రెండు చేతులతో పట్టుకుని, ఎవరినీ ఒక్క అడుగు ముందుకు పోనివ్వకుండా నడిచాడు. సాయంత్రం ఆరు గంటల ఇరవై మూడు నిమిషాలకు పైకి చేరాడు. రెండు వందల నలభై మూడు నిమిషాలు. ఆయన వరుసలో చేరినప్పుడు బోర్డు అంకె రెండు వందల యాభై, తేడా ఏడు. అదే సమయానికి యంత్రం అంకె నూట ఇరవై ఎనిమిది. కంచె బయటి మనుషులు దాని కెమెరాలకు అందలేదు. కంచె లోపల పట్టినంతమందినీ అది పొల్లుపోకుండా లెక్కపెట్టి అక్కడితో ఆగిపోయింది. తేడా నూట పదిహేను.

నిమిషాలమ్మ నివేదిక మూడు పేజీలు రాసింది. ఉదయం కొలత ఎందుకు తప్పిందో, తప్పు అంకె చూసి జనం వచ్చి దాన్ని ఎలా నిజం చేశారో, ఇందులో తన గొప్ప ఏమీ లేదని దాచకుండా రాసింది. అట్ట వెనక "వెనకవాళ్ళను ముందుకు పంపరాదు" అని అచ్చు వేయించమని సిఫారసు చేసింది. మేనేజరు మొదటి పేజీలో తేడాల దగ్గర ఆగి, మిగతా రెండు పేజీలు తిప్పకుండానే సంతకం పెట్టాడు. ఇంజనీరు వైర్లు చుట్టుకుంటున్నాడు.

"మీరు రేపు కూడా ఇదే బల్ల దగ్గర," అన్నాడు మేనేజరు. తర్వాత కొంచెం తటపటాయించి, "మీ అత్తగారికి రేపు ఖాళీయేనా?" అని అడిగాడు.

"ఆవిడకి ఖాళీయే సార్. కానీ అట్ట మాత్రం ఇవ్వను. ముల్లు తాకినప్పుడు చివర ఉంటే తప్ప."

ఇంటికి బయలుదేరే ముందు, ప్రతిరోజూ చేసినట్టే, అభిప్రాయాల పెట్టె తాళం తీసింది. అన్నిటికన్నా పైన మడిచిన చీటీ ఉంది. దస్తూరీ ఎవరిదో విప్పకముందే తెలిసింది. "కోస్టర్ బాగుంది. రెండోది ఎప్పుడు కడతారు? ఈసారి రాతి బల్లలు ఇంకొన్ని వేయించగలరు."

నిమిషాలమ్మ చీటీని రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకుంది. రిజిస్టర్‌లో "లెక్కలోకి రానివి" అన్న పేజీ తెరిచి, 46 కొట్టేసి, పక్కన రాసింది:

47