కామాక్షమ్మగారు జీపు ఎత్తు పెంచిన వేసవి

మొన్న స్కూటరు టైరు పంక్చరైతే రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డు ముందు బల్ల మీద కూర్చున్నాను. పక్క షెడ్డులో ఎవరో ఎర్రగా కాల్చిన ఉక్కు పట్టీని పట్టకారుతో పట్టి తెచ్చి, పాత ఇంజను ఆయిలున్న పీపాలో ముంచారు. సుయ్యిమని చప్పుడు, దాని వెనకే నల్లటి పొగ, మాడిన ఆయిలు వాసన. చాలామంది ముక్కు మూసుకునే వాసన అది. నాకు మాత్రం అందులో మామిడి సొన వాసన కూడా కలిసి వచ్చినట్టనిపించింది. వాసనతో పాటు ఒక పెద్దావిడ గొంతు కూడా వచ్చింది. పంక్చరు వేసే అతను స్కూటరు తయారైందని ఎన్నిసార్లు పిలిచాడో నాకు తెలియదు. చివరికి దగ్గరికొచ్చి భుజం తట్టాడు.

ఆవిడ పేరు కామాక్షమ్మ. కార్వేటినగరానికి అవతల, కొండ పాదాన ఆవిడకు మామిడి తోటలుండేవి. భర్త పోయాక తోటలు కౌలుకిచ్చి ఇంట్లో కూర్చోమని బంధువులందరూ చెప్పారు. ఆవిడ అందరికీ కాఫీలిచ్చి పంపించి, ఆ తర్వాత మిలిటరీవాళ్లు వేలం వేసిన పాత జీపు ఒకటి కొనుక్కొచ్చారు. నేను తిరుపతిలో డిగ్రీ చదివి, గుమాస్తా ఉద్యోగం కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న రోజులవి. మా నాయనకు ఆ కుటుంబంతో పరిచయం ఉండడం వల్ల నన్ను తోటకు మేనేజరుగా పెట్టుకున్నారు. మేనేజరంటే ఏం చేయాలని మొదటిరోజు అడిగాను.

"నాకు తెలియనిది నువ్వు చెప్పల్ల. నీకు తెలియనిది నేను చెప్తా. ఇద్దరికీ తెలియకపోతే ఆడికే పొయ్యి సూసుకోవల్ల" అన్నారు.

కొన్నప్పటికే ఆ జీపు ముసలిది. రంగు ఎక్కడ గీకినా కింద ఇంకో రంగు కనిపించేది. డ్రైవరు చెంగల్రాయుడు చాలా ఏళ్లు ఎద్దుల బండి తోలి జీపుకొచ్చినవాడు. ఎత్తు ఎక్కేటప్పుడు గేరు మార్చడం మరిచిపోయేవాడు గాని, నాలుకతో టక్ టక్‌మని అదిలించడం మాత్రం ఎప్పుడూ మరిచిపోలేదు.

తోటకు వెళ్లే దారిలో ఒక వంక దాటాలి. వంక గట్టెక్కగానే దారి మధ్యలో ఒక బండరాయి, తాబేలు వీపులా నేల నుంచి లేచి ఉండేది. దానికి జీపు పొట్ట తగలని రోజు లేదు. ఆ చప్పుడు వినిపిస్తే చాలు, కామాక్షమ్మగారు వస్తున్నారని తోటలో కూర్చున్న ఆడవాళ్లు లేచి మళ్లీ పనిలోకి దిగేవాళ్లు. రాయిని పగలగొట్టిస్తే పోయేదే. కానీ అది ఆవిడ మరిది వెంకటపతి భూమిలో ఉంది. ఆయనకూ ఆవిడకూ జీపు వచ్చిన నాటి నుంచీ మాటల్లేవు. దారి తరతరాలుగా ఉన్నది కాబట్టి పోనిస్తాననీ, తన నేలలో ఉన్న రాయిని మాత్రం గోటితో గీకినా ఊరుకోననీ మనిషితో చెప్పి పంపాడు. మేం వెళ్లే వేళకు గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడేవాడు కూడా.

ఒకరోజు ఆ రాయి జీపు కింద ఆయిలు చాంబరుకు చిల్లు పెట్టింది. ఆయిలంతా కారిపోయింది. చెంగల్రాయుడు రెండు ఎద్దుల్ని తెచ్చి జీపుకు కట్టాడు. దిగి నడవమంటే కామాక్షమ్మగారు దిగలేదు. జీపు తనది, తాను అందులోనే పోతానన్నారు. కార్వేటినగరం బజారంతా చూస్తుండగా ముందు సీట్లో నిటారుగా, ఊరేగింపులో అమ్మవారిలా కూర్చుని వచ్చారు. చెంగల్రాయుడు మాత్రం చాలాకాలం తర్వాత తనకు బాగా వచ్చిన పని దొరికినందుకు సంతోషంగా కనిపించాడు. ఇంటి ముందు దిగాక ఆవిడ కాసేపు జీపు వంక చూసి, "బండ తగ్గదంట. జీపే లేవల్ల" అన్నారు.

కాయ కోతకు రావడానికి ఇంకా కొద్ది వారాలే ఉన్నాయి. జీపుకు ఎత్తు పెంచడమంటే ఏమిటో తెలుసుకోవడానికి నన్ను వెంటబెట్టుకుని తిరుపతిలో షెడ్డు షెడ్డూ తిరిగారు. చట్రాన్ని మోసే ఉక్కు పట్టీల కట్టను మెకానిక్కులు కమాను అంటారు. ఒకాయన కమానును కదిలించకుండా, దానికీ ఇరుసుకూ మధ్య ఇనుప దిమ్మెలు పెట్టమన్నాడు. ఇంకొకాయన కమాను చివర ఊగే షాకిళ్లను పొడవు చేస్తే చాలన్నాడు. మూడో ఆయన పెద్ద టైర్లు వేయమన్నాడు. చుట్టూ ఉన్న రేకు కోస్తే తప్ప అవి పట్టవని తేలింది. అందరి మాటా ఆవిడ శ్రద్ధగా విని, ఆ పని చేయించుకున్న జీపు ఒకటి చూపించమని అడిగేవారు. అక్కడితో మాట ఆగిపోయేది.

చివరికి వడమాలపేటలో రోడ్డు పక్కన షెడ్డు పెట్టుకున్న దొరస్వామి మేస్త్రి ఆవిడ మనసు గెలిచాడు. సగం అరవం, సగం తెలుగు కలిపి మాట్లాడే మనిషి. జీపు చుట్టూ తిరిగి, వంగి చూసి, సరుకులు మోసే పాత వ్యాను కమాను పట్టీలు తన దగ్గర ఉన్నాయనీ, వాటిని కోసి జీపుకు ఎక్కిస్తాననీ చెప్పాడు. అవి వేస్తే ఏనుగెక్కినా వంగదన్నాడు. ఏనుగు అనే మాట ఆవిడకు చాలా నచ్చింది. తిరిగి వస్తూ దారంతా నాతో అదే మాట అన్నారు. మా జీపులో ఏనుగును ఎక్కించే పని లేదని నాకూ తోచలేదు, ఆవిడకూ తోచలేదు.

పని జరిగినన్ని రోజులూ ఆవిడ షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చున్నారు. జీపును దుంగల మీదికి ఎత్తారు. పాత కమాన్లను బిగించిన బోల్టులు తుప్పుపట్టి ఊడిరాక, వాటిని కాల్చి, సమ్మెటతో బాది, బతిమాలి, తిట్టి తీశారు. కొత్త పట్టీలు వేశాక చట్రం లేచింది గాని, బ్రేకు గొట్టం అందలేదు. తిరుపతి నుంచి పొడవుది తెప్పించారు. అప్పుడు కుదుపులాపే షాకబ్జర్లు పొట్టివైనాయి. అవీ తెప్పించారు. ఇరుసుకు తిరుగుడునిచ్చే పొడవాటి రాడ్డు ఏటవాలుగా నిలబడి, బండి కదిలితే గురక పెట్టింది. దొరస్వామి కమాను కింద వాలుగా చెక్కిన ఇనుప ముక్కలు పెట్టి దాని గురక మాన్పించాడు. ఒకటి పెంచితే పక్కవన్నీ పెంచాల్సి వస్తోందని ఆవిడ ఆశ్చర్యపోయారు. సంసారంలో కూడా అంతే గదమ్మా అని దొరస్వామి జీపు కింద నుంచి జవాబిచ్చాడు.

జీపు బయటికి వచ్చింది. మూతి పైకెత్తిన కోడెలా ఉంది. కామాక్షమ్మగారు ఎక్కబోయి కాలు ఎత్తారు, అందలేదు. చీర మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుంటే తప్ప కుదరదు. రోడ్డు మీద లారీలూ బస్సులూ పోతున్నాయి. షెడ్డులోని స్టూలే తెచ్చి వేశాం. ఆ రోజు నుంచి ఆ స్టూలు కూడా జీపులో భాగమైపోయింది. ఇంటికి వచ్చాక ఇంకో సంగతి తెలిసింది. జీపు పైకప్పు కమ్మీలు కొట్టం దూలానికి తగులుతున్నాయి. కొట్టంలో నేల తవ్వించి జీపును లోపలికి దింపాం. ఎత్తు పెంచడానికి ఇన్ని రోజులు పట్టింది, తగ్గించడానికి ఒక పార చాలిందని చెంగల్రాయుడు అన్నాడు.

మరునాడు జీపు ఆ రాయి మీదుగా చప్పుడు లేకుండా దాటిపోయింది. గట్టు మీద వెంకటపతి గొడుగు ఒక పక్కకు ఒరిగింది. కామాక్షమ్మగారు అటువైపు చూడలేదు గాని, మెడ మాత్రం ఒక జానెడు పొడవైంది. ఆ సాయంత్రం కోతకొచ్చిన ఆడవాళ్లనూ కాయల గంపలనూ వెనక ఎక్కించుకుని ఊళ్లోకి తెచ్చాం. ముందు సీట్లో మెత్త ఉంది. మాకు కాస్త కుదుపు తెలిసింది, దారి బాగాలేదనుకున్నాం.

తర్వాతి రోజు సాయంత్రం ఆడవాళ్లు జీపు ఎక్కలేదు. గాలి బాగుంది, నడిచి వస్తామన్నారు. ఆ మరునాడు కూడా గాలి బాగుంది. గాలి ఆడని రోజున కూడా నడుస్తామనేసరికి, ఆవిడ వాళ్లలో పెద్దదైన పోలమ్మను నిలబెట్టి అడిగారు. పోలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది తప్ప చెప్పలేదు. గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు కాయలు నలిగి వస్తున్నాయని తిప్పి పంపింది కూడా ఆ రోజే. కామాక్షమ్మగారు స్టూలు జీపు వెనక వైపు వేయించుకున్నారు. గంపల మధ్య చెక్క బల్ల మీద కూర్చుని, చెంగల్రాయుణ్ని పోనివ్వమన్నారు. నేను ఎదుటి బల్ల మీద కూర్చున్నాను.

దాన్ని ప్రయాణమనడానికి లేదు. ఏనుగుకు కూడా వంగని కమాన్లు మా ఇద్దరి బరువుకు ఎందుకు వంగుతాయి? ప్రతి గులకరాయీ నేరుగా మా వెన్నులోకి వచ్చింది. వంక దిగేటప్పుడు ఆవిడ బల్ల మీద ఎంతసేపు ఉన్నారో, గాలిలో అంతసేపు ఉన్నారు. కళ్లజోడు గంపలో పడింది. కొప్పు విడిపోయింది. నేను పట్టుకోబోయి, ఆవిడతో పాటే పైకి లేచి, ఇద్దరం ఒకేసారి కప్పు కమ్మీకి తలలు కొట్టుకున్నాం. ముందు సీటు నుంచి చెంగల్రాయుడు నాలుకతో టక్ టక్‌మంటూనే ఉన్నాడు.

ఊరి మొదట్లో ఆపించి, దిగి, కొప్పు ముడుచుకున్నారు. ఆవిడ కోపంగా ఉంటారనుకున్నాను. కానీ ముఖంలో ఉన్నది సిగ్గు. అంతకు ముందు గాని, ఆ తర్వాత గాని ఆవిడ సిగ్గుపడడం నేను చూడలేదు.

"ముందర కూసోని ఎనకోళ్ల సంగతి తేల్సేసినాం మనం, హరీ. రేపే ఊడబీకిద్దాం" అన్నారు.

మరిది నవ్వుతాడు కదమ్మా అన్నాను. నవ్వితే ఆయన పళ్లే కనబడతాయి, పోలమ్మ నడుము విరగదు కదా అన్నారు.

దొరస్వామి ఒప్పుకోలేదు. తాను చేసిన పనిలో తప్పు లేదన్నాడు. నిజానికి లేదు కూడా, బరువు మోయడానికి అది మంచి పనే. ఆవిడ వాదించలేదు. ఆయన్ను మర్యాదగా వెనక బల్ల మీద కూర్చోబెట్టి, వడమాలపేట పక్కన చెరకు తోటల గుండా ఉన్న బండిబాటలో తిప్పమన్నారు. తిరిగి వచ్చాక దొరస్వామి చాలాసేపు స్తంభం పట్టుకుని నిలబడి, పాత జీపు పట్టీలు ఎక్కడున్నాయో వెతకమని తన పనివాళ్లతో చెప్పాడు. వాటినే కాల్చి, వంపు ఎక్కించి, ఆయిలులో ముంచాడు. సన్నటి పొడుగు పట్టీ ఒకటి కొత్తగా కలిపి, షాకిళ్లు కొంచెం పెంచాడు. ప్రతిసారీ తానే వెనక కూర్చుని చూసుకున్నాడు. ఒకసారి ఆవిడ ఒళ్లో పెరుగు కుండ పెట్టుకుని కూర్చున్నారు. పెరుగు కాస్త తొణికింది, కుండ పగల్లేదు. అది చాలన్నారు.

జీపు మునుపటంత ఎత్తు లేవలేదు. ఖాళీగా ఉంటే రాయిని దాటేది. నిండుగా ఉంటే పొట్ట కొసకు తగిలి టక్కుమనేది. ఆ చోట ఆడవాళ్లు దిగి, దాటాక మళ్లీ ఎక్కేవాళ్లు. దిగేవాళ్లలో కామాక్షమ్మగారు కూడా ఒకరు. గట్టు మీది గొడుగు మళ్లీ నిటారైంది.

కోతలు ముగిసే వేళకు ఒక వానరోజు పొద్దున్నే వెంకటపతి భార్య తోటలోకి పరుగెత్తుకొచ్చింది. ఆయన కడుపునొప్పితో నేల మీద పడి దొర్లుతున్నాడు. వంకలో నీళ్లు తిరిగాయి, ఎద్దుల బండి దిగడానికి లేదు. కామాక్షమ్మగారు జీపు వెనక బల్లలు తీయించి, ఎండుగడ్డి పరిపించి, దాని మీద ఆయన్ను పడుకోబెట్టించారు. తాను గడ్డిలో కూర్చుని ఆయన తల కదలకుండా రెండు చేతులా పట్టుకున్నారు. అంతవరకూ కళ్లు మూసుకుని ఉన్నాయన, వంక గట్టు దగ్గర జీపు టక్కుమనగానే గిలగిలలాడి కళ్లు తెరిచాడు.

"ఏంది వదినా అది?"

"నీ బండే అబ్బా."

ఆయన నొప్పి ఒకటి వచ్చి పోయేదాకా ఆగాడు. "అది ఇంత పెద్దదని నాకు తెలీదు వదినా" అన్నాడు.

వంకలో నీళ్లు చక్రాల సగం దాకా వచ్చాయి గాని ఇంజనుకు అందలేదు. తిరుపతి ఆస్పత్రిలో డాక్టరు చూసి, మూత్రపిండంలో రాయి ఉందని చెప్పాడు. రాయి అనే మాట వినగానే చెంగల్రాయుడు వరండాలోకి వెళ్లిపోయాడు. అక్కడ గోడవైపు తిరిగి అతను భుజాలు కదిలించడం చూసి, పాపం ఏడుస్తున్నాడనుకుని ఒక నర్సు ఓదార్చింది. కామాక్షమ్మగారు మాత్రం ముఖం కదపకుండా, చిన్నదా పెద్దదా అని డాక్టరును అడిగారు.

ఆయన ఇంటికి తిరిగొచ్చాక, ఎవరూ అడగకుండానే రాళ్లు కొట్టేవాళ్లను పిలిపించి ఆ బండను పగలగొట్టించాడు. అందులో చదునుగా వచ్చిన పెద్ద ముక్కను బండి మీద వేయించి వదిన ఇంటికి పంపాడు. ఆవిడ దాన్ని వాకిట్లో పాతించి, స్టూలు మాన్పించి, దాని మీద కాలు పెట్టి జీపు ఎక్కేవారు.

తర్వాత నాకు తిరుపతిలో ఉద్యోగం వచ్చింది. వెళ్లిపోయే రోజున ఆవిడ నాకు హితబోధలేమీ చేయలేదు. జీపు వెనక బల్ల మీద కూర్చుని బస్టాండు దాకా వచ్చి, బస్సులో నాకు ముందు సీటు దొరికిందని తెలిసి, "అదృష్టవంతుడివి లేప్పా" అని నవ్వారు. ఆవిడ పోయి చాలాకాలమైంది. ఆవిడను చూసినవాళ్లు ఇప్పుడు ఎక్కువమంది లేరు. ఆవిడ గురించి చెప్పమంటే ధైర్యం గురించి చెబుతారు. నాకు గుర్తున్నది మాత్రం ఊరి మొదట్లో కొప్పు ముడుచుకుంటూ నిలబడిన ఆ సిగ్గు. దాన్ని దాచుకోకుండా మర్నాడే దొరస్వామి షెడ్డుకు తీసుకెళ్లిన తీరు.

ఇప్పుడు మేముండే అపార్టుమెంటుకు నేను కార్యదర్శిని. ఈ ఎండాకాలం నీళ్లు ఎప్పుడు వదలాలి, ఎంతసేపు వదలాలి అని కింది అంతస్తు హాల్లో ఫ్యాను కింద కూర్చుని తీర్మానం చేశాం. అందరూ సరేనన్నారు. సంతకం పెట్టమని కాగితం నా ముందుకు తోశారు. కాసేపు ఆగమని చెప్పి, మోకాళ్ల నొప్పితో మెల్లగా మెట్లెక్కి, పై అంతస్తులో చివరి ఇంటి తలుపు తట్టాను. ఆ ఇంటావిడ కంగారుపడి ఏమైందని అడిగింది. ఏమీ కాలేదమ్మా, కుళాయి తిప్పండి అన్నాను. దారంలా నీళ్లొచ్చాయి. బిందె కింద పెట్టమని చెప్పి, అది నిండేదాకా వాళ్ల వంటింటి గడప మీద కూర్చున్నాను.