లాక్ వేయని దారి

శివలీలది మంత్రాలయం పక్కన కోసిగి. కర్నూలులో నెట్‌వర్క్ పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీలో, వాటిని లోపలినుంచి నడిపే కెర్నల్ కోడ్ ఆరేళ్లుగా రాస్తోంది. ఆ పని ఆమెకు నేర్పింది బద్వేలు యేసుప్రసాద్. సొంత అన్న లెక్క.

ఆ వేసవిలో పాత కోడ్ శుభ్రం చేసే పని ఆమె మీద పడింది. ఏ కనెక్షన్ ఎటు పోవాలో చెప్పే జాబితా ఒకటి పెట్టెలో ఉంటుంది. రెండు పనులు ఒకేసారి దాన్ని మార్చి పాడుచేయకుండా దానికో లాక్ ఉంటుంది, లాక్ పట్టుకున్న కోడే దాన్ని ముట్టుకోవాలి. అయినా యేసుప్రసాద్ చదవకముందొకసారి, చదివాకొకసారి జాబితా మారిందేమో చూసి, మారితే మళ్లీ మొదలుపెట్టేలా రాశాడు.

“లాక్ ఉండాది కదన్నా, ఇదెందుకు? తీసేస్తాండా.”

“దాని జోలికి పోవద్దులేమ్మా. నడుస్తాండాది కదా,” అన్నాడతను తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆమె ఆ చెకింగు తీసేసింది. లాక్ లేకుండా జాబితాను ముట్టుకుంటే హెచ్చరించే ఒక్క లైను పెట్టింది. అది ఎన్నడూ పలకదనే అనుకుంది. పరీక్షకు పెట్టిన పది నిమిషాల్లో తెర నిండా హెచ్చరికలే. కేబుల్ ఊడినప్పుడు నడిచే కోడ్‌లో అసలు లాకే వేయలేదు. అదీ యేసుప్రసాద్ రాసిందే.

నిరుడు పెట్టెలు ఉన్నట్టుండి ఆగిపోతుంటే, సరిగా బిగించలేదని, వాటిని బిగించే గోపన్నను పనిలోంచి తీసేశారు. అవి ఆగింది ఈ లాక్ లేకనేనని తెలిసి, ఆమె నేరుగా యేసుప్రసాద్ దగ్గరికి పోయింది.

“నీకు ముందే తెల్సా అన్నా?”

“గోపన్న పోయినాక తెలిసింది. చెప్తే నన్ను పంపిస్తారని, ఆ చెకింగు పెట్టి కప్పినా. యాభై ఏండ్లోణ్ణి, ఇంక నన్ను యాడ పిలుస్తారు? లాక్ వేసేసి ఊరుకోమ్మా. నా పేరు రాయొద్దు.”

సవరణ పంపేటప్పుడు తప్పు ఏ మార్పుతో వచ్చిందో, ఎవరు చేశారో రాయడం వాళ్ల పద్ధతి. ఆ ఒక్క లైను ముందు ఆమె సాయంత్రం దాకా కూర్చుంది. చివరికి రాసింది.

వారంలో యేసుప్రసాద్‌ను పంపేశారు. గోపన్నను మాత్రం వెనక్కి పిలవలేదు. అది ముగిసిన విషయమన్నాడు మేనేజరు.

శివలీలే ఫోన్ చేసింది. గోపన్న శ్రీశైలంలో ఒక సత్రంలో పనిచేస్తున్నాడు. అంతా విన్నాడు.

“మా నాయనకు చెప్పాల్సిన మాటమ్మా ఇది. నేనే పని చెడగొట్టినానని తిట్టుకుంటానే పోయినాడు, మొన్న కార్తీకంలో.”

అతనే ఫోన్ పెట్టేశాడు.

లాక్ వేశాక పెట్టెలు ఒక్కసారీ ఆగలేదు. యేసుప్రసాద్‌కు ఆమె మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.