ముప్పు లేని మనిషి

గరాచర్మ బస్సు స్టాపు ఎదుట చేపలబుట్ట దించుకుని కూర్చునే కాళమ్మకు నలభై రెండేళ్ళు. శ్రీకాకుళం సముద్రతీరంలో పుట్టి, పదిహేడో ఏట పోలిరాజు చేయి పట్టుకుని, విశాఖపట్నంలో ఓడ ఎక్కి, మూడు రోజులు కడుపులో ఉన్నదంతా కక్కుకుంటూ అండమానులోని పోర్ట్ బ్లెయిరులో దిగిన మనిషి ఆమె. దిగిన నాటికి హిందీ ఒక్క ముక్క రాదు. ఏడాది తిరిగేసరికి బెంగాలీవారితోను, తమిళులతోను, రాంచీవారితోను ఆ భాషలోనే బేరమాడి, అవసరమైతే ఆ భాషలోనే తిట్టగలిగినంత నేర్పు సంపాదించింది. మొప్ప ఎత్తి ఎరుపు చూపనిదే ఆమె చేపను అమ్మదు. నిన్నటి వంజరాన్ని నేటిదని చెప్పిన పాపాన పోలేదు. అందుచేత ఆఫీసులకు వెళ్ళే ఇల్లాళ్ళు బస్సు తప్పిపోతున్నా నిలబడి ఆమె దగ్గరనే కొనేవారు.

మూడేళ్ళ క్రిందట, ఆషాఢమాసంలో, పోలిరాజు ఇద్దరిని వెంటబెట్టుకుని ఇంజిను పడవ మీద వేటకు వెళ్ళాడు. గాలి తిరిగింది. మూడోనాడు ఒక సరుకు ఓడవారు నీళ్ళలోనుంచి ఆ ఇద్దరిని పైకి లాగారు. పోలిరాజు దొరకలేదు. ఇద్దరిని లాగిన ఓడ ఉన్నప్పుడు మూడోవానిని లాగిన ఓడ మరొకటి ఎందుకు ఉండకూడదు? కాళమ్మ మనస్సు ఈ ప్రశ్నను పట్టుకునే మూడేళ్ళు వేలాడింది. ఆమె తమ్ముడు చిట్టిబాబు పోలిరాజు ఫోటోతో మూడు భాషలలో కాగితాలు అచ్చువేయించి, ఫీనిక్స్ బే జెట్టీ గోడల మీద అంటించాడు. వానలకు అవి చిరిగితే మళ్ళీ అంటించాడు.

శవం దొరకనివానికి వారి వాడలో మూడేళ్ళు గడువు. గడువు నిండితే వరిగడ్డితో మనిషంత బొమ్మ కట్టి, పోయినవాని బట్టలు తొడిగి, పడవలో తీసుకుపోయి సముద్రానికి అప్పగిస్తారు. ఆనాడే భార్య గాజులు, మెట్టెలు తీసివేస్తుంది. అయితే బతికున్నవానికి పొరబాటున ఆ బొమ్మ కట్టితే వాడు ఎక్కడ ఉన్నా ఆ రోజుతో వాని ఆయువు తీరుతుందని వారి గట్టి నమ్మకం. పెద్దలు కూర్చుని బుధవారం నిశ్చయించారు. కాళమ్మ ఔననలేదు, కాదనలేదు.

ఆ బుధవారానికి ముందు ఆదివారం మధ్యాహ్నం భోజనాలైన తరువాత పదహారేళ్ళ కూతురు మంజు టీవీ ముందు చేరింది. వారాల తరబడి ఆ పిల్ల ఒక హిందీ సీరియల్‌ను విడవకుండా చూస్తున్నది. ఒక మహాయంత్రం నగరంలోని ప్రతి కెమెరాలోనుంచి ప్రజలను గమనిస్తూ, ఎవరు ప్రమాదకరులో తానే తీర్పు చెప్పుతుంటుంది. ఆ యంత్రం గుట్టు తెలిసిన గుమాస్తా పిల్ల ఒకతె పారిపోతూ ఉంటుంది. ఇక ఒక్క భాగం మిగిలి ఉండగా, ఆ రోజు చూసేది పదకొండవ భాగం. అందులో ఆ గుమాస్తా పిల్ల అండమానుకు వచ్చి పడుతుంది.

"అమ్మా, ఇలా రా! మన ఫీనిక్స్ బే చూపిస్తన్నారు!" అని మంజు కేక వేసింది.

కాళమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. తెర మీద జెట్టీ, ఓడ ఎక్కడానికి వరుసలో నడిచిపోతున్న జనం. యంత్రం ఒక్కొక్క ముఖం చుట్టూ పచ్చని గీతతో చతురస్రం గీస్తూ, చూసి వదిలిపెడుతూ పోతున్నది. ఒక ముఖం మీద మూడు క్షణాలు నిలిచింది. చిలకపచ్చ గళ్ళ చొక్కా, కుడికనుబొమ్మ మీద గాటు, పలచని మీసం.

కాళమ్మ కొంగు వదిలేసి తెర దగ్గరికి వచ్చింది.

"ఆపు! ఆపే మంజూ! ఎనక్కి తిప్పు!"

మంజు వెనక్కి తిప్పింది. ఈసారి ఆ పిల్ల చేతిలోని రిమోటు జారి నేలమీద పడింది. పక్కగదిలో నడుము వాల్చిన అత్త తవిటమ్మ అలికిడికి లేచి వచ్చి, టీవీకి జానెడు దూరంలో నిలబడి, రెండు అరచేతులు తెర మీద ఆనించింది.

"పోలిగా! ఓరి నా నాయనా! ఎక్కడున్నావురా ఇన్నాళ్ళూ!"

"మామ్మా, చేతులు తియ్యి, కనపడదు" అన్నది మంజు ఏడుస్తూ.

ఆ ముఖం క్రింద హిందీలో రెండు మాటలు మెరిసి మాయమయ్యాయి. కాళమ్మకు హిందీ మాట్లాడడం వచ్చునుగాని చదవడం రాదు. "ఏటి రాసినారే అక్కడ?"

"ముప్పు లేదు అని, అమ్మా. మత్లబ్, నాన్నతో ఆ మెషీన్‌కి పని లేదంట. వదిలేసింది."

కబురందుకుని చిట్టిబాబు పరుగున వచ్చాడు. నాలుగుసార్లు వేయించుకుని చూశాడు. గోడకు చేరగిలబడి, "బావే అప్పా" అన్నాడు అక్కతో. "అచ్చం బావే."

"అయితే ఎల్లి పెద్దలకి సెప్పు. బుధారం బొమ్మ ఒద్దు. నా మొగుడు ఓడెక్కినాడు."

ఆ సాయంకాలం వాడ వాడంతా ఆ ఇంట్లోనే ఉన్నది. మూడేళ్ళుగా గంజి నీళ్ళతో కాలం వెళ్ళబుచ్చిన తవిటమ్మ, కోడలిచేత కవళ్ళ చేపల పులుసు చేయించుకుని కడుపునిండా తిన్నది.

మర్నాడు కాళమ్మ బుట్ట ఎత్తలేదు. తెల్లవారుతూనే ఫీనిక్స్ బే వెళ్ళి, తొలి ఓడ నుంచి చివరి ఓడ వరకు ఎక్కేవారినీ దిగేవారినీ ఒక్కొక్కరిని ముఖంలో ముఖం పెట్టి చూసింది. మూటలు మోసే కూలీలలో ఒకడు, "క్యా దీదీ, సీఐడీలో చేరినావా?" అని నవ్వాడు. ఆమెకు ఆ పరిహాసం చెవికి ఎక్కలేదు. చిలకపచ్చ రంగు ఎక్కడ కనబడినా ఆమె కాళ్ళు తమంతట తామే అటు నడిచాయి.

సీరియల్ వారికి ఇక్కడ పనులు చక్కబెట్టినవాడు మిడిల్ పాయింట్‌లో పెళ్ళిళ్ళ ఫోటోలు తీసే ఉమేష్ అని చిట్టిబాబు ఆరా తీశాడు. మంగళవారం ఉదయం ఉమేష్ దుకాణం తలుపు తీసేసరికే అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ గుమ్మంలో ఉన్నారు. అతని తల్లి కాళమ్మ దగ్గర చేపలు కొనేదే. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"ఆ జెట్టీ బొమ్మ ఎప్పుడు తీసినారు బాబూ?"

"పోయిన డిసెంబర్‌లో, దీదీ. రెండో వారం. పక్కా. నేనే దగ్గరుండి చేయించాను కదా."

డిసెంబరు! పోలిరాజు మునిగాడనుకున్న ఆషాఢం వెళ్ళి అప్పటికి రెండున్నరేళ్ళు. కాళమ్మ అరచేత్తో బల్ల చరిచింది. చేతి గాజులు గలగలలాడినాయి.

"ఇన్నావురా చిట్టిబాబూ? డిసెంబరంట! బతికున్నాడు! నాను సెప్పలేదా!"

"ఎవరు దీదీ?" అని అడిగాడు ఉమేష్.

చిట్టిబాబు తన ఫోనులో ఆ మూడు క్షణాలు చూపించాడు. ఉమేష్ ఫోను చేతిలోకి తీసుకుని మళ్ళీ చూశాడు. లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు.

"దీదీ, ఆ రోజు జెట్టీ ఖాలీగా ఉంది."

"ఖాలీ ఏటి? అంతమంది జనం!"

"జనం లేరు దీదీ. పొద్దున్న ఓడలు కదలకముందు రెండే గంటలు మాకు ఇచ్చారు. హీరోయినూ, కెమెరావాళ్ళూ, నేనూ. అంతే. ఒట్టి జెట్టీ తీశాం. ఆ మనుషులందర్నీ తర్వాత ముంబైలో కంప్యూటర్ తయారుచేసింది. ఇక్కడివాళ్ళలాంటి మొహాలు కావాలి, ఫోటోలు పంపు అన్నారు. బజారులో తీశాను, బస్సులో తీశాను, జెట్టీ గోడ మీద..." అతడు ఆగిపోయాడు.

"గోడ మీద?" అన్నాడు చిట్టిబాబు.

ఉమేష్ తలవంచుకుని కంప్యూటరు తెరిచాడు. చేపలు అమ్మేవారు, పూలు అమ్మేవారు, బడిపిల్లలు, ముసలివారు వరుసగా కదిలిపోయారు. ఆ వరుసలో ఒకచోట, వానకు మూల చిరిగిన కాగితంలో నుంచి పోలిరాజు చూస్తున్నాడు. చిలకపచ్చ గళ్ళ చొక్కాతో.

"అప్పా" అన్నాడు చిట్టిబాబు మెల్లగా. "ఆ సొక్కా నాది."

కాళమ్మకు ముందు అర్థం కాలేదు. తరువాత గుర్తుకు వచ్చింది. వేటకు సర్కారు ఇచ్చే కార్డు కోసం ఫోటో దిగవలసిన నాడు పోలిరాజు చొక్కాలన్నీ డీజిలు మరకలతో ఉన్నాయి. ఆ ఒక్క గంట కోసం బావమరిది చొక్కా తొడుక్కుని, ఫోటో దిగి, అక్కడే విప్పి ఇచ్చివేశాడు. జీవితంలో మరెన్నడూ ఆ చొక్కా అతని ఒంటి మీద లేదు. కాని తేటగా పడిన ఫోటో అదొక్కటే కనుక కాగితాలకు అదే ఎక్కింది, ఇంటి గోడకు అదే ఎక్కింది. మూడేళ్ళపాటు ఉదయం, సాయంకాలం ఆ పటానికి మొక్కగా మొక్కగా, ఆ అరువు చొక్కాయే ఆమె కళ్ళలోను, చివరికి ఇచ్చిన చిట్టిబాబు కళ్ళలోను అతని చొక్కా అయి కూర్చున్నది. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషిని కాక, ఒక గంటసేపటి ఫోటోను ఆమె పోల్చుకున్నది.

"మాఫ్ కర్నా, దీదీ. ఫోటోయే కదా, పోయేదేముంది అనుకున్నాను" అన్నాడు ఉమేష్.

కాళమ్మ తెర మీది కాగితాన్ని వేలితో తాకింది. "మొగం కాయితం లోనిది. మరి నడక ఎవుడిచ్చినాడు బాబూ?"

"కంప్యూటరే, దీదీ."

"కాళ్ళో?"

"అవీ అదే."

"నా మొగుడి మొగం కింద ఎవుడివో కాళ్ళు తగిలించినారు. మూడు దినాలనుంచి ఆటికి దండం పెడతన్నాను, సూడరా తమ్ముడూ" అన్నది. నవ్వబోయింది. ఆ నవ్వు వినలేక చిట్టిబాబు బయటికి వెళ్ళిపోయాడు.

బస్సులో గరాచర్మకు తిరిగి వస్తున్నంతసేపూ ఆమె కళ్ళు మూసుకుని ఒకే పని చేసింది. ఆ చొక్కా లేని పోలిరాజును తలచుకోవడానికి ప్రయత్నించింది. పడవ దిగి వచ్చే పోలిరాజు, వల బాగుచేసుకునే పోలిరాజు, తాగివచ్చి పాటలు పాడే పోలిరాజు. ఎటు తిప్పినా పటంలోని ముఖమే ఎదురువచ్చింది. మిగిలినదంతా తుడిచిపెట్టుకు పోయింది. అతడు పోయాడన్న దుఃఖం కంటె ఇది ఆమెను ఎక్కువగా భయపెట్టింది.

అత్తకు చెప్పవలసి ఉన్నది. తవిటమ్మ అరుగు మీద చేటతో బియ్యం చెరుగుకుంటూ, వచ్చేపోయేవారికి కొడుకు సంగతి చెప్పుకుంటున్నది. కాళమ్మ పక్కన కూర్చుని, దాచకుండా, ఒక్కొక్క మాటే చెప్పింది. ముసలామె చేట ఆగిపోయింది.

"మరి నానెలాగ మోసపోనానే?" అన్నది. "నాను కన్నదాన్ని కదే."

కాళమ్మ ఆమె చేతిలోని చేట తీసి పక్కన పెట్టింది. "నానూ అంతే, అత్తా. ఆడు నడిస్తే ఎలాగుండీవోడో నాకిప్పుడు అందడం లేదు. నీకందుతాదా?"

తవిటమ్మ కాళ్ళు ముందుకు చాపుకున్నది. తన పాదాల వంక చూస్తూ కూర్చున్నది.

సంగతి తెలిసి పెద్దలు మొదటి మాట మీదే నిలవగా, బుధవారం బొమ్మ కట్టారు. రేవులో చిట్టిబాబు, మరి ఇద్దరు గడ్డిని మోపులుగా చుట్టి, కర్ర నడుమ పెట్టి, బొమ్మను నిటారుగా నిలబెట్టారు. కాళమ్మ పెట్టె అడుగున వెతికి, డీజిలు మరకలు వదలని పాత బనియను ఒకటి తెచ్చి తొడిగింది. పెద్దలు కానిమ్మన్నారు.

"ఆగండి" అన్నది తవిటమ్మ. కర్ర ఊతతో వచ్చి బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగింది. "నా కొడుకు ఎప్పుడైనా ఇలాగ పోలీసోడిలాగ నిలబడినాడట్రా? ఎడం బుజం దించండి. సిన్నప్పటినుంచి ఆ బుజం మీదే వల మోసినాడు."

చిట్టిబాబు తాడు వదులుచేసి భుజం దించాడు.

"ఇంకా. మెడ ముందుకు. ఏదో పోగొట్టుకున్నోడిలాగ నేల సూసుకుని నడిసేవోడు. ఆఁ. మోకాలు కాస్త మడవండి."

చిట్టిబాబు చేతులతో గడ్డిని నొక్కి మడిచాడు. వెనుక నిలబడిన కాళమ్మ, ఒరిగిన ఆ వీపు వైపు చూసింది. చూస్తూ చూస్తూ ఒక్కసారిగా ఇసుకలో కూర్చుండిపోయింది. పడవ దిగి, తడి బనియనుతో, తల వంచుకుని ఇంటివైపు నడిచిపోతున్న మనిషి అక్కడ నిలబడి ఉన్నాడు. మూడేళ్ళుగా రాని ఏడుపు ఆమె గొంతులోనుంచి పెద్దగా వచ్చింది. రేవులో వారందరూ అదిరిపడి తిరిగి చూశారు.

ఎవరూ చెప్పకుండానే ఆమె గాజులు తానే తీసి ఇసుకలో పెట్టింది. ఆ తరువాత మెట్టెలు తీసింది.

"ఇంక తీసుకెళ్ళండి" అన్నది.