దీక్ష కాదు, వైద్యం

ఒంటికి ఏది పడటం లేదో తేలేదాకా పప్పు, పాలు, చింతపండు మానేయమన్నాడు డాక్టరు. సికింద్రాబాద్ వెళ్ళినప్పుడు రాంగోపాల్‌పేట్ హోటల్లో ఉత్త అన్నం, ఉడికించిన సొరకాయ అడిగాను.

"ఏం దీక్ష సార్?" అన్నాడు సర్వర్.

"దీక్ష కాదు, వైద్యం."

"గట్లయితే జెర సాంబార్ పోస్తా సార్, ఏంగాదు."

దేవుడికున్న పరపతి డాక్టరుకు లేదు! ఒళ్ళు మండింది. ఆ వాసనకు నోరూ ఊరింది.

ఎదురుగా కూర్చున్న పెద్దావిడ నవ్వింది. "దీక్షనే అని చెప్పుండ్రి బ్రదర్, వదిలేస్తడు. శ్రమదినాల ఉపాసమని నేను సుత కాఫీ మానేసిన. ఈస్టర్ పొద్దున చర్చి నుంచి రాంగనే పెద్ద గ్లాసు తాగుత."

"అబద్ధం చెప్పలేనమ్మా" అన్నాను.

ఆమె దేవుణ్ణి నేను ఒప్పుకోను. కానీ ఆ చప్పిడి అన్నం తింటున్నంతసేపూ, నాకూ అలాంటి ఒక ఉదయం ఉంటే బాగుండుననిపించింది.