అడవి పసుపు కుళ్లిన ఏడాది

మొన్న పెరట్లో వేపచెట్టు నీడన ఉన్న కుండీని తవ్వితే కుళ్లిన అడవి పసుపు వాసన వచ్చింది. పైన ఆకు లేకున్నా చలికాలమంతా నేను నీళ్లు పోశాను. ఆ వాసన నాకు చిన్నప్పుడే తెలుసు.

పిల్లలు లేని మా పెద్దమ్మ, నారాయణఖేడ్‌లోని మా ఇంటి వెనక నీడకు ఏదీ బతకని చోట, ఎండ అడగని మొక్క కావాలని అడవి నుంచి ఆ గడ్డలు తెచ్చి నాటింది. వానలకు వెడల్పాటి ఆకులతో మోకాలెత్తు పెరిగాయి. చలికాలం రాగానే ఎండిపోయాయి.

"పండుకున్నయి బిడ్డా, వానలకు లేస్తయి," అంది.

నేను నమ్మలేదు. దాహంతో చచ్చిపోతున్నాయనుకుని, ఆమె చూడకుండా రోజూ చెంబెడు నీళ్లు పోశాను.

వానలు పడ్డా మొలక రాలేదు. నాయనమ్మ తవ్వి చూసి ముక్కు మూసుకుంది. "కడుపే పండలే, నీ చేతుల గడ్డ పండుతదా?" అంది పెద్దమ్మతో. ఆ ఏడు నుంచి ఆమెను కంది విత్తనం ముట్టనివ్వలేదు. అందరూ విత్తుతుంటే గట్టున కూర్చునేది. నీళ్లు పోసినా బతకలేదంటే నాయనమ్మ మాటే నిజమనుకున్నాను. నా బంతి మొక్కను కూడా ఆమెను ముట్టనివ్వలేదు.

నిన్న పెద్దమ్మ దగ్గరికి వెళ్లి, ఆనాడు దొంగచాటుగా నీళ్లు పోసి గడ్డలను కుళ్లబెట్టింది నేనేనని చెప్పాను.

"మీ నాయనమ్మ పోయింది, మీ పెద్దబాపు పోయిండు. ఇగ ఎవలకు చెప్తవ్ కొడుకా?" అంది.

తీసుకెళ్లిన కొత్త గడ్డను ఆమె ముందుంచాను. పెద్దమ్మ రెండు చేతులూ కొంగులోకి తీసుకుంది.

"నువ్వే పెట్టుకో."